డ్రోన్ బాగుచేస్తూ మోటారు కాల్చుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "అన్నా, భీమిలి వైపు ఎగరేస్తుంటే పడింది. మోటారు ఉండే ఆర్మ్ ఒక్కటే విరిగింది. కొత్తది బిగించి బ్యాటరీ పెట్టగానే మోటారులోంచి పొగ వచ్చింది. ఎందుకంటావ్?"

పడినప్పుడు బతికి బయటపడ్డ మోటారు మన టేబుల్ మీద చచ్చింది, అంతే. నేనూ అలా మూడింటిని పోగొట్టుకున్నాను. 2022 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం ఆపేసింది. విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. అందుకే మన హాబీలో సగం ఎగరేయడమైతే సగం రిపేరే. రిపేర్‌లో ఎక్కడ చెయ్యి జారుతుందో వరసగా చెబుతాను.

ఇది ముఖ్యంగా కార్బన్ ఫ్రేమ్, బ్రష్‌లెస్ మోటార్లు ఉన్న ఐదంగుళాల (అది ప్రొపెల్లర్ కొలత) డ్రోన్ల కోసం రాసింది. మూడంగుళాల వాటికీ పనికొస్తుంది. పిల్లల బొమ్మ డ్రోన్ల గురించి ఎనిమిదో అంకం తర్వాత రెండు ముక్కలు చెప్పాను. మడతపెట్టే కెమెరా డ్రోన్లయితే మోటారు ఆర్మ్‌తో కలిసే వస్తుంది, కెమెరాను కుదురుగా పట్టే గింబల్, సెన్సర్ల గొడవ కూడా ఉంటుంది. దాన్ని సర్వీసుకే ఇవ్వండి.

కావాల్సినవి

- సరైన సైజు అలెన్ కీలు (1.5, 2, 2.5 మి.మీ.). మూలలు అరిగిన కీ ఉంటే ముందు దాన్ని పారేయండి. స్క్రూ తల పాడయ్యేది దానివల్లే.
- ప్రొపెల్లర్ (ప్రాప్) నట్టుకు 8 మి.మీ. బాక్స్ స్పానర్
- బీప్ వచ్చే మల్టీమీటర్. చవకది చాలు.
- 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్, 60/40 లేదా 63/37 సోల్డర్ వైర్
- మాస్కింగ్ టేపు, పాత టూత్‌బ్రష్, చీపురు పుల్లలు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వీలైతే 99 శాతం
- కుట్టు మిషన్ నూనె
- నీలం రంగు థ్రెడ్‌లాకర్ (అదురుకు స్క్రూ ఊడకుండా పట్టే జిగురు). ఎరుపుది వద్దు, మళ్లీ ఊడదు.
- కారు ఇండికేటర్ బల్బు: 12 వోల్టులు, 21 వాట్లు. బండి స్పేర్ల షాపులో అడగండి. 10 వాట్లది కూడా చేతిలో పెడతారు, చూసి తీసుకోండి.

సోల్డరింగ్ సామానుకు వైజాగ్ డాబాగార్డెన్స్ వైపు తిరిగితే చాలు. మోటార్లు, ఈఎస్‌సీలు (మోటారుకు కరెంటు ఇచ్చి వేగాన్ని నడిపే బోర్డులు) మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే.

1. బ్యాటరీ తీయండి, ప్రొపెల్లర్లు విప్పండి

నాలుగూ విప్పాలి. "ఈ ఒక్క మోటారే కదా చూసేది" అని మిగతా మూడు వదిలేయకండి.

నట్టు గట్టిగా ఉంటే మోటారు పైభాగాన్ని పటకారుతో పట్టుకోవద్దు. మోటారులో తిరిగే ఆ గిన్నెను బెల్ అంటారు, లోపల గోడ చుట్టూ మాగ్నెట్లు అతికించి ఉంటాయి. మాగ్నెట్‌కూ లోపలి రాగి చుట్టల భాగానికీ (అదే స్టేటర్) మధ్య సందు మిల్లీమీటరులో చిన్న ముక్కంత. పటకారు ఒక్క నొక్కు నొక్కితే గిన్నె గుండ్రం పోతుంది, మాగ్నెట్ స్టేటర్‌ను రాసుకుంటుంది. బెల్‌ను గుడ్డతో చుట్టి చేత్తో పట్టుకోండి. జారుతుంటే ప్రాప్‌నే మొదట్లో పట్టుకుని నట్టు తిప్పండి. ప్రాప్ విరిగితే విరగనీ, అది చవక.

2. ఇసుక తీయండి, ఊదకండి

వైజాగ్‌లో ఎగరేసేవాళ్లకు ఈ పని తప్పదు. మన తీరంలో మామూలు ఇసుకతో పాటు నల్ల ఇసుక కూడా ఉంటుంది. భీమిలి దగ్గర అల వెనక్కి పోయిన చోట నల్లగా చారలు తేలతాయి, చూసే ఉంటారు. అందులో ఇల్మెనైట్, మాగ్నెటైట్ లాంటి ఇనుము ఉన్న ఖనిజాలుంటాయి. తెల్ల ఇసుక దులిపితే రాలిపోతుంది. నల్లది మాగ్నెట్‌ను పట్టుకుని వేలాడుతుంది, ఆ కాస్త సందులో చేరి రాగి తీగ మీది వార్నిష్ పూతను గీకుతూ ఉంటుంది.

బెల్‌ను చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పండి. గరగర వినిపిస్తే ఇసుక ఉన్నట్టే. అది పోయేదాకా కరెంటు ఇవ్వొద్దు.

టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లడం అందరూ చేసే పొరపాటు. ఆ గాలికి మోటారు పిచ్చిగా తిరుగుతుంది, ఇసుక ఎగిరి బేరింగుల్లోకి దూరుతుంది. సూదితోనూ, స్టీలు ట్వీజర్‌తోనూ తీయాలని చూడకండి. మాగ్నెట్ దాన్ని లాక్కుంటుంది, మొన వెళ్లి రాగి మీద గుచ్చుకుంటుంది. నేను చేసేది ఇది: చీపురు పుల్ల కొసకు మాస్కింగ్ టేపును జిగురు బయటికి వచ్చేలా చుట్టి, బెల్ కిటికీల్లోంచి లోపలికి పోనిచ్చి, మాగ్నెట్ల మీద ఒత్తి తీస్తాను. టేపు నల్లబడితే కొత్తది చుట్టాలి. ఒక్కో మోటారుకు పది పదిహేను సార్లు పట్టొచ్చు. చివర్లో టేపు తెల్లగానే బయటికి రావాలి. పని అయిందని అప్పుడే అనుకోవాలి.

ఉప్పునీళ్లలో పడితే కథ వేరు. అక్కడికక్కడే బ్యాటరీ పీకి, తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లతో మోటార్లు రెండు మూడుసార్లు కడగండి. "నీళ్లు తగిలితే ఇంకా పాడవుతుందేమో" అని భయపడి అలాగే ఇంటికి తెస్తే, ఉప్పు ఆరి బేరింగులకు తుప్పు పడుతుంది. ఇంటికి వచ్చాక ఆల్కహాల్‌తో కడిగి, ఆరనిచ్చి, బేరింగుకు ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె వేయండి. పుల్ల కొసన నిలిచేంత చుక్క చాలు. కొబ్బరి నూనె వద్దు, జిగురవుతుంది. తలుపు బందులకు కొట్టే తుప్పు స్ప్రే కూడా వద్దు. అది బేరింగులో ఉన్న గ్రీజును కడిగేస్తుంది, రెండు రోజులు మెత్తగా తిరిగి తర్వాత కీచుమంటుంది.

3. మోటారు చచ్చిందా, బతికుందా?

తీగలేవీ ఊడదీయకముందే, బ్యాటరీ లేకుండా, నాలుగు మోటార్లను వేలితో తిప్పి చూడండి. మాగ్నెట్ల వల్ల టకటకమని చిన్న పట్టు ఉంటుంది, అది సహజం. నాలుగింటిలో ఒకటి మాత్రం తేనెలో తిప్పుతున్నట్టు బరువుగా ఉంటే అనుమానించాలి. వెంటనే కొత్త మోటారు ఆర్డర్ పెట్టకండి. దాని మూడు తీగలూ ఈఎస్‌సీ నుంచి ఊడదీసి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి మళ్లీ తిప్పండి.

- ఊడదీశాక తేలిగ్గా తిరిగితే మోటారు మంచిదే, ఈఎస్‌సీ షార్ట్ అయింది. దానికి కొత్త మోటారు తగిలిస్తే అదీ పోతుంది.
- ఊడదీశాకా బరువుగానే ఉంటే మోటారు లోపలే షార్ట్. లేదా బేరింగు పోయింది.

ఇప్పుడు ఏవైనా రెండు తీగల కొసలు కలిపి పట్టుకుని తిప్పండి. బ్రేకు వేసినట్టు ఆగాలి. మూడు తీగలకు మూడు జతలు, మూడింటిలోనూ ఒకే రకం బ్రేకు తగలాలి. ఒక జతలో బ్రేకే లేకపోతే తీగ లోపల తెగింది.

తర్వాత మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి ఒక మొన తీగకు, రెండోది మోటారు అడుగు లోహానికి ఆనించండి. బీప్ రాకూడదు. అడుగున రంగు పూత ఉంటుంది కాబట్టి స్క్రూ రంధ్రం అంచునో, షాఫ్టునో తాకించండి. తీగకూ తీగకూ మధ్య ఓమ్‌లు కొలిచి మోటారు మంచిదని తేల్చేయకండి. ఈ వైండింగుల (రాగి చుట్టల) రెసిస్టెన్స్ ఎంత తక్కువంటే మీటర్ చూపించేదంతా దాని సొంత వైర్లదే. వేలికి తగిలే బ్రేకే ఇక్కడ నమ్మకమైన కొలత.

కాలిన వైండింగ్‌ను మళ్లీ చుట్టించుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. నేనొకసారి సీలింగ్ ఫ్యాన్లు, పంపు మోటార్లు చుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, అరచేతిలో రెండుసార్లు దొర్లించి, "ఇది మోటారేటి బాబూ, మా అమ్మాయి ముక్కుపుడక ఇంతకన్నా పెద్దది" అని తిరిగి ఇచ్చేశారు. చుట్టడం సాధ్యమే, ఓపిక ఉన్నవాళ్లు చుడతారు కూడా. నాకు ఓపిక లేదు.

4. బెల్ విప్పడం, అవసరమైతేనే

టేపుతో ఇసుక పోకపోతేనో, బేరింగు మార్చాలంటేనో తప్ప బెల్ జోలికి పోకండి. విప్పాల్సి వస్తే అడుగున చిన్న స్క్రూ గానీ, సి ఆకారపు క్లిప్పు గానీ ఉంటుంది. క్లిప్పు ఎగిరిపోతుంది. మోటారును పారదర్శక ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు లోపలే విప్పండి. స్క్రూ కదలకపోతే వేడి సోల్డరింగ్ ఐరన్ మొనను దాని తలకు పది సెకన్లు ఆనించండి. లోపలి థ్రెడ్‌లాకర్ మెత్తబడుతుంది. బలం వాడితే కీ తిరుగుతుంది తప్ప స్క్రూ తిరగదు.

షాఫ్టు మీద ఉండే సన్నటి వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు మాగ్నెట్లు బెల్‌ను ఒక్క ఉదుటున లాగేస్తాయి. వేలు నలిగితే నలిగింది, అంచు తగిలి రాగి మీది పూత లేవకుండా చూసుకోండి. బిగించాక బెల్‌ను పైకీ కిందికీ లాగి చూడండి. కొద్దిగా కదిలితే పర్లేదు, లొడలొడలాడితే క్లిప్పు గాడిలో కూర్చోలేదని అర్థం. అలాగే ఎగరేస్తే గాల్లో బెల్ ఒకవైపు, డ్రోన్ ఒకవైపు పోతాయి.

5. స్క్రూ పొడవు

మిగతా అంకాలన్నీ పైపైన చదివినా ఇది మాత్రం నెమ్మదిగా చదవండి. ఇంటి రిపేర్లో చచ్చే మోటార్లలో ఎక్కువ వాటిని చంపేది ఈ నాలుగు స్క్రూలే.

మోటారు అడుగు భాగం మందం చాలా తక్కువ. దాని పైన, గోరంత దూరంలో రాగి చుట్టలు. ఆర్మ్ కింది నుంచి వచ్చే ఎం3 (3 మి.మీ. లావు) స్క్రూ, మోటారులోకి 2 నుంచి 3 మి.మీ. దాకా దిగితే చాలు. అంతకు మించితే మొన వెళ్లి రాగిని పొడుస్తుంది.

లెక్క ఇలా వేయండి: ఆర్మ్ మందం + 2 లేదా 3 మి.మీ. = స్క్రూ పొడవు. ఆర్మ్ 5 మి.మీ. అయితే 7 లేదా 8 మి.మీ. స్క్రూ. ఆర్మ్ 4 మి.మీ. అయితే అదే 8 మి.మీ. స్క్రూ ప్రమాదం. స్క్రూ పొడవును తల కింద నుంచి కొలవాలి, తలతో కలిపి కాదు.

నా మొదటి మోటారు పోయింది ఇక్కడే. ఆర్మ్ కింద నల్లటి మెత్తటి ప్లాస్టిక్ పాదం ఉండేది, మందం సుమారు 2 మి.మీ. పడినప్పుడు అది చిరిగింది. "పాదం లేకపోతే ఏమవుతుందిలే" అని తీసేసి, పాత స్క్రూలే బిగించాను. అంటే అవే స్క్రూలు 2 మి.మీ. ఎక్కువ లోపలికి వెళ్లాయి. చివరి అర చుట్టులో కొంచెం బిగుతుగా అనిపించింది. బాగా బిగిసిందని సంతోషించాను కూడా! బ్యాటరీ పెట్టాను. ప్లాస్టిక్, వార్నిష్ కలిసి మాడిన వాసన, సన్నటి తెల్లటి పొగ. మోటారుతో పాటు ఈఎస్‌సీ కూడా పోయింది.

కాబట్టి ఇలా చేయండి:

ఒక స్క్రూను వేళ్లతోనే తిప్పుతూ దించండి. తల ఆర్మ్‌కు ఆనకముందే బిగుతు తగిలితే ఆపండి, వెనక్కి తీయండి, పొట్టి స్క్రూ వాడండి. నాలుగూ దించాక, మోటారును కంటి ఎత్తుకు తెచ్చి, ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, బెల్‌కూ అడుగుకూ మధ్య సందులోంచి చూడండి. రాగి చుట్టలు మెరుస్తూ కనిపిస్తాయి. వాటి కింద స్క్రూ మొన తలెత్తి కనిపిస్తే అది పొడవైనట్టే. మొనకూ రాగికీ మధ్య వెలుతురు కనబడాలి.

తర్వాత మీటర్. ఒక మొన స్క్రూ తలకు, రెండోది మోటారు తీగకు. నాలుగు స్క్రూలకూ చూడండి. తీగలను ఈఎస్‌సీకి అతికించకముందే ఇది చేయాలి. బీప్ వస్తే స్క్రూ రాగిని తాకింది. అయితే బీప్ రాలేదని ధీమాగా ఉండొద్దు. మొన వార్నిష్‌ను నొక్కుతూ ఇంకా కోయని దశలో ఉండొచ్చు. ఈరోజు మీటర్ మౌనంగా ఉంటుంది, నాలుగు ఫ్లైట్ల వేడికీ అదురుకూ పూత తెగుతుంది. అందుకే టార్చి పరీక్ష, మీటర్ పరీక్ష రెండూ కావాలి.

సరైన పొడవు దొరక్కపోతే స్క్రూ తల కింద వాషరు వేయండి. స్క్రూను ఆకురాయితో అరగదీయాలంటే వేరే గదిలో అరగదీసి, కడిగి తెండి. మోటారు దగ్గర ఇనుప రజను రాల్చడం కన్నా పాపం లేదు. కార్బన్ ఫ్రేమ్ రాకినా అంతే, ఆ పొడిలోంచి కరెంటు పారుతుంది.

థ్రెడ్‌లాకర్ స్క్రూ మొనకు ఒక్క చుక్క రాయండి, సీసా నుంచి రంధ్రంలోకి పోయొద్దు, బేరింగులోకి కారుతుంది. ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, కొన్ని రకాలు పగుళ్లిస్తాయి.

6. అతికించడం

మోటారు కిటికీలను మాస్కింగ్ టేపుతో మూసేయండి. సోల్డర్ చిట్లి లోపల పడితే తీయడం నరకం. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. చెమట పడుతుందని తెలుసు, మే నెలలో మరీను. కానీ ఫ్యాన్ గాలికి అతుకు చల్లారి పైపైనే నిలుస్తుంది.

ఐరన్ 350 నుంచి 380 డిగ్రీల మధ్య పెట్టి, తీగకూ, ఈఎస్‌సీ మీద అది అతికే ప్యాడ్‌కూ విడివిడిగా ముందే సోల్డర్ పూయండి. తర్వాత రెండూ కలిపి రెండు మూడు సెకన్లు. చల్లారాక అతుకు మెరుస్తూ, వాలుగా దిగాలి. బంతిలా నిలబడితే మళ్లీ ఫ్లక్స్ పెట్టి కరిగించండి.

తీగను బిగదీసి అతికించకండి, కాస్త వదులు ఉంచండి. మోటారును తీగ పట్టుకుని ఎత్తే అలవాటు కూడా మానుకోండి. స్టేటర్ నుంచి తీగ బయటికొచ్చే చోట లోపలే తెగుతుంది, బయటికి కనబడదు. తీగ కార్బన్ అంచును రాసుకునే చోట టేపు చుట్టండి.

మూడు తీగల్లో ఏది ఎక్కడ అని కంగారు వద్దు. ఏ రెండు మార్చినా తిరిగే దిక్కు మారుతుంది, అంతే. దాన్ని బీటాఫ్లైట్‌లోనే (డ్రోన్ సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) మార్చుకోవచ్చు, మళ్లీ అతికించే పని లేదు.

కొత్త మోటారు కొంటే సైజు, కేవీ (ఒక్కో వోల్టుకు ఎంత వేగం తిరుగుతుందన్న అంకె) రెండూ పాత మూడింటితో కలవాలి. ఐదంగుళాల డ్రోన్లలో 4ఎస్ (నాలుగు సెల్స్) బ్యాటరీకి వాడే మోటార్లు సుమారు 2400 నుంచి 2700 కేవీ, 6ఎస్‌కు 1700 నుంచి 1950 ప్రాంతం. 4ఎస్ మోటారుకు 6ఎస్ బ్యాటరీ తగిలిస్తే జోరు బ్రహ్మాండంగా ఉంటుంది, ఎంతో సేపు ఉండదు.

7. మొదటి కరెంటు బల్బు మీదుగా

బ్యాటరీ ఎరుపు వైరు మధ్యలో ఆ 21 వాట్ల బల్బు వచ్చేలా చిన్న వైరు చేసుకోండి. 6ఎస్ అయితే రెండు బల్బులు ఒకదాని వెంట ఒకటి. ఎక్కడైనా షార్ట్ ఉంటే కరెంటంతా బల్బే తీసుకుని భగ్గున వెలుగుతుంది, మోటారు బతుకుతుంది.

- క్షణం మెరిసి ఆరినా, సన్నగా ఎర్రగా ఉన్నా: మంచిదే. కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్ వాడుకునే కరెంటు అది.
- పూర్తిగా వెలిగి అలాగే ఉంటే: పీకేయండి, అయిదో అంకానికి వెళ్లండి.

మోటార్లు పాడే ఆ చిన్న రాగం నాలుగింటి నుంచీ రావాలి. బల్బు ఉండగా మోటార్లు తిప్పకండి. వెలుగు చూశాక బల్బు తీసేయొచ్చు.

8. కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా

ప్రాప్‌లు లేవని మళ్లీ చూడండి. బీటాఫ్లైట్ మోటార్ల పేజీలో ఒక్కో స్లయిడర్‌ను కదలడం మొదలయ్యేంత వరకే జరపండి. 1 వెనక కుడి, 2 ముందు కుడి, 3 వెనక ఎడమ, 4 ముందు ఎడమ. దిక్కు తెలియాలంటే కాగితం ముక్క అంచును బెల్‌కు తాకించండి, ఎటు తోస్తే అటు తిరుగుతున్నట్టు.

మోటారు తిరగకుండా గజగజ వణికితే వెంటనే సున్నాకు తేండి. మూడు తీగల్లో ఒకటి అందలేదు. "కాస్త పెంచితే అందుకుంటుందేమో" అని థ్రాటిల్ పెంచితే మిగిలిన రెండు చుట్టలు మాడతాయి. గడ్డిలో తలకిందులుగా పడ్డ డ్రోన్‌ను టర్టిల్ మోడ్‌లో పదే పదే లేపబోయేవాళ్లకు కూడా ఇదే జరుగుతుంది. రెండుసార్లు ప్రయత్నించండి, లేవకపోతే నడిచి వెళ్లి తెచ్చుకోండి.

డీషాట్ (బోర్డు ఈఎస్‌సీతో మాట్లాడే పద్ధతి) రెండు వైపులా పనిచేసేలా పెట్టుకుని ఉంటే ఆర్‌పీఎం అక్కడే కనబడుతుంది. ఒకే స్లయిడర్ స్థానంలో నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి. ప్రాప్ లేకుండా ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చూడాలన్న సరదా వద్దు.

బొమ్మ డ్రోన్ అయితే

ఇందులో ఉండేవి బ్రష్ మోటార్లు. 8520 అని రాసుంటే 8.5 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. పొడవు. ఎరుపు-నీలం తీగలది ఒక దిక్కు, నలుపు-తెలుపు తీగలది రెండో దిక్కు. కొనేటప్పుడు తీగ రంగు చూసి కొనండి. ప్రాప్‌ను ఒకవైపు నుంచి పీకితే షాఫ్టు వంగుతుంది, రెండు వైపులా గోళ్లతో సమానంగా లేపండి. తిరగట్లేదంటే ముందు షాఫ్టు మొదట్లో వెంట్రుక చుట్టుకుందేమో చూడండి. మా ఇంట్లో సగం రిపేర్లు అవే.

9. గాల్లో 30 సెకన్లు

ఎక్కడ ఎగరేస్తారో ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో చూసుకోండి. నేవీ స్థావరం, విమానాశ్రయం రెండూ ఊళ్లోనే ఉన్నాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెడ్ జోన్‌లో అనుమతి లేకుండా టెస్ట్ ఫ్లైట్ కూడా కుదరదు, మేడ మీదైనా సరే. కొత్త ప్రాప్‌లు వేయండి. పగులు ఉన్న ప్రాప్‌తో పరీక్షిస్తే తప్పు ప్రాప్‌దో మోటారుదో తేలదు.

నడుము ఎత్తులో 30 సెకన్లు నిలిపి దించండి. బ్యాటరీ పీకి, వెంటనే నాలుగు మోటార్లనూ వేలితో తాకండి. గోరువెచ్చగా, నాలుగూ ఒకేలా ఉంటే మళ్లీ రెండు నిమిషాలు ఎగరేసి మళ్లీ తాకండి. వేలు రెండు మూడు సెకన్లు కూడా ఉంచలేనంత వేడి ఉంటే ఆరోజుకు ఆపేయండి. మామూలు రకం మాగ్నెట్లు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి, చల్లారినా ఆ బలం తిరిగి రాదు.

ఒక్కటే వేడెక్కితే తప్పు ఆ మోటారు దగ్గరే ఉంది: వంగిన బెల్, బేరింగు, మిగిలిన ఇసుక, పొడవు స్క్రూ. నాలుగూ వేడెక్కితే మోటార్లను వదిలేసి బ్యాటరీ, ప్రాప్ సైజు, డ్రోన్‌ను నిలకడగా ఉంచే పిడ్ సెట్టింగులు చూడండి. ఎడమవైపు రెండో, కుడివైపు రెండో వేడెక్కితే బ్యాటరీ పక్కకు జరిగి బరువు ఒకవైపు పడిందేమో చూడండి. నాకు రెండుసార్లు అదే అయింది, పట్టీ బిగిస్తే సరిపోయింది.